మోచేయి చెప్పిన వేడి

నేను ఒక సత్తు బేసిన్ని. వెడల్పాటి నోరు, లోతు తక్కువ కడుపు, అంచుకు రెండు చెవులు. చీరాల బజారులో నన్ను వాయించి చూసి, వెలుతురుకేసి ఎత్తి చిల్లులు వెతికి, వంక దొరక్క చివరికి కొన్నది నాంచారమ్మ. ఇంటికి వచ్చేదాకా ఎక్కడ సొట్టపడతానోనని ఆటోలో నన్ను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఆమె భయం సంగతి నాకు మొదటిరోజే తెలిసిపోయింది.

ఆమె నూలుకు రంగులు వేసేది. కొడుకు భావనారాయణ గుంటమగ్గం మీద నేసేవాడు. పొయ్యి మీద కాగిన రంగునీళ్లు నాలో పోసి, చిలపలుగా చుట్టిన నూలు కట్టలు ముంచి, ఒట్టి చేతులతో తిప్పేది. నా ఒళ్లు చుర్రుమనే వేడిలో ఆమె చేతులు మోచేతుల దాకా కాదు గాని, మణికట్టు దాకా హాయిగా ముంచేసేది. ఏళ్ల తరబడి అలా నానీ కాలీ ఆ అరచేతులు చెప్పుతోలులా గట్టిపడ్డాయి. నూలు ముంచే గిన్నెకు కాలు తగలకూడదని ఆ ఇంట్లో పట్టింపు. పొరపాటున ఎవరి కాలైనా తగిలితే నన్ను తాకి కళ్లకద్దుకోవాల్సిందే. అంతటి మర్యాదస్తురాలినైన నాలో చివరికి మనిషే కూర్చోవాల్సి వచ్చింది.

భావనారాయణకు పొత్తికడుపు కింద నొప్పి మొదలైంది. మాటిమాటికీ ఒంటేలుకు లేచేవాడు, పోసేటప్పుడు మంట. భార్య మల్లీశ్వరికి చెప్పుకున్నాడు గాని తల్లి దగ్గర నోరు పెగల్లేదు. తల్లికి చెప్పింది మగ్గమే. దాని చప్పుడు ఆగినప్పుడల్లా నాంచారమ్మ చేతిలో చిలప ఆగేది. నెలలు గడిచినా తగ్గకపోయేసరికి, ఆమె మనసులో ఒకే ఒక్క జబ్బు కూర్చుంది. దాని పేరు కూడా పలకదు, ‘అదేనేమో’ అంటుంది.

డాక్టరు ఒంటేలు, రక్తం, స్కానింగు అన్నీ చూశాడు. ఇది క్యాన్సర్ కాదనీ, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాపనీ చెప్పాడు. ఒకసారి తగ్గి మళ్లీ రావచ్చు, ఓపిక పట్టాలన్నాడు. క్రిములను చంపే మందు ముందే వాడారు, ఇప్పుడు పరీక్షలో క్రిములు లేవు కాబట్టి మళ్లీ మళ్లీ అదే మింగితే లాభం లేదన్నాడు. ఒంటేలు దారి చుట్టూ బిగుసుకున్న కండరాలను వదులుచేసే మాత్ర రాశాడు. దాంతో కళ్లు తిరగొచ్చు, నెమ్మదిగా లేవమన్నాడు. నడుము కింది కండరాలను సడలించే కసరత్తు చేయమన్నాడు. మగ్గం మీద మెత్త వేసుకుని, మధ్యమధ్య లేచి తిరగమన్నాడు. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కాసేపు కూర్చోమన్నాడు. నాంచారమ్మకు ఇదంతా వైద్యంలా అనిపించలేదు. పెద్ద జబ్బును దాచి చిన్న మాటలు చెబుతున్నాడని ఆమె అనుమానం.

ఆమె తమ్ముడు పిచ్చయ్య అంతకుముందే ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్నాడు. వయసు మీద పడి గ్రంథి పెరిగి, ఒంటేలు బిగపట్టుకుపోయి, ఆపరేషన్‌తో సుఖపడ్డవాడు. లోకంలో మగవాళ్లందరికీ తన జబ్బే ఉందని ఆయన నమ్మకం. మేనల్లుణ్ణీ తన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లి కోయిస్తానన్నాడు. ఎదురింటివాళ్లేమో ఒక చూర్ణం పొట్లం తెచ్చారు. అందులో ఏముందో తెలియదు, మాత్రలతో పడుతుందో లేదో డాక్టర్ని అడిగాకే అని మల్లీశ్వరి దాన్ని అటక మీద పెట్టేసింది.

మిగిలింది నేను. ఇంట్లో మనిషి పట్టే బేసిన్ ఇంకోటి లేదు. నాంచారమ్మ నన్ను చింతపండుతో తోమి, పసుపు రాసి, దండం పెట్టుకుంది. నీళ్లు కాచి పోసి, చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చగా ఉన్నాయని కొడుకును పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

ఏం గోరువెచ్చన! నా అడుగు మండిపోతోంది. అతను కూర్చుని, పళ్లు బిగబట్టి, అంచు పట్టుకుని లేచి, మళ్లీ కూర్చున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. అతనికి నోరుండీ అరవలేదు. వరసగా రోజూ అదే తంతు. బయటికి వచ్చినప్పుడు నడక మరీ వంకరపోయేది. అది చూసి తల్లికి అనుమానం రూఢి అయింది. నీళ్లకు కూడా లొంగని జబ్బంటే అదేగా మరి! ఇక ఈ వైద్యం వద్దు, మామతో వెళ్లి కోయించుకుంటానని చివరికి భావనారాయణే అన్నాడు. పిచ్చయ్య కబురందగానే సంచి సర్దుకుని దిగాడు.

బయలుదేరే ముందు ఆఖరిసారిగా నాలో నీళ్లు పోశారు. అతను కూర్చోనంటే పారబోయడానికి మల్లీశ్వరి వచ్చి, చెయ్యి ముంచి చటుక్కున తీసేసింది.

“అత్తా, ఇయ్యి గోరువెచ్చనంటావా? కోడిని ముంచితే ఈకలూడతయ్.”

“నా చేతికి చల్లగానే ఉన్నయ్యే.”

“నీ చేతులు రంగు నీళ్లకి మొద్దుబారి పోయినయ్. మోచెయ్యి పెట్టి చూడు. పసిబిడ్డకి నీళ్లు పోసేప్పుడు నాకు నువ్వే గదా నేర్పింది.”

నాంచారమ్మ మోచెయ్యి ముంచింది. ముంచీ ముంచగానే లాక్కుని కొంగుతో తుడుచుకుంది. కొడుకు వైపు తిరిగి, “కాల్తంటే చెప్పొద్దంట్రా?” అంది.

“దండం పెట్టుకుని మరీ పోస్తివిగా. ఎట్టా చెప్పేదమ్మా?”

పిచ్చయ్య మాత్రం పట్టు వదల్లేదు. అందుకని అందరూ కలిసి మళ్లీ మొదటి డాక్టరు దగ్గరికే వెళ్లారు. మామకున్నది దారి మూసుకుపోయిన జబ్బు, అల్లుడికి దారి తెరిచే ఉంది, కోస్తే ఈ నొప్పి పోదని ఆయన పిచ్చయ్యకే విడమరిచి చెప్పాడట. తిరిగొచ్చాక పిచ్చయ్య నా అంచు మీద వాయించి, “దీనికంటే మా డాక్టరు గది చల్లగా ఉంటది” అని ఊరెళ్లిపోయాడు.

జబ్బు ఒక్కసారిగా పోలేదు. మాత్రా, కసరత్తూ, మెత్తా, నేనూ తలో చెయ్యి వేశాం. కొన్ని నెలలకు మగ్గం చప్పుడు మునుపటిలా నిలకడగా వినిపించింది. ఎప్పుడైనా మళ్లీ నొప్పి తిరగబెడితే అతను ఇప్పుడు సిగ్గుపడకుండా, “అమ్మా, బేసిన్ దించు” అంటాడు.

నేను రంగు పనికి తిరిగి వెళ్లలేదు. అడుగున చిల్లుపడితే మాట్లు వేయించారు. మొన్న పాత సామాన్ల బండివాడు నన్ను తిరగేసి చూసి, ఉల్లిపాయలిస్తానన్నాడు. నాంచారమ్మ నన్ను అతని చేతిలోంచి లాక్కుంది.

“అది గిన్నె కాదయ్యా. మావాడి మందు.”

లోపలికి తెచ్చి, ఎందుకైనా మంచిదని, మాటు దగ్గర చిల్లేమైనా పడిందేమోనని వెలుతురుకేసి ఎత్తి చూసింది.