వదిలితే ఆగే బటన్

వీడియో గేములాడే కంట్రోలర్‌తో మిషన్ కదపడమేమిటని అందరికంటే ముందు ఎగిరిపడ్డది నేనే. ఇరవై రెండేళ్ళు మిల్లింగ్ మిషన్ల ముందు నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. కానీ మా ఐదు యాక్సిస్‌ల మిషన్‌ను చేత్తో జరిపే రిమోట్ పాడైంది. కొత్తది కొనమన్నప్పుడల్లా ఓనరుకు చెవుడొచ్చేది. చివరికి మా వర్క్‌షాపులోనే మిషన్లకు ప్రోగ్రాములు రాసే మా తమ్ముడు తన పాత గేమ్ కంట్రోలర్ తెచ్చి తగిలించాడు. కుడి స్టిక్ తోస్తే కటర్ పైకీ కిందికీ, ఎడమ స్టిక్ తోస్తే ఇనుప ముక్కను బిగించే టేబుల్ అటో ఇటో వంగుతుంది.

"ఈ ఎడమ స్టిక్ ముసలిదైపోయింది అన్నయ్యా. వదిలేసినా ఒక్కోసారి పక్కకు వాలిపోతుంది. అందుకే చూపుడువేలి కింద ఈ బటన్ పెట్టా. ఇది నొక్కి ఉంచితేనే మిషన్ కదులుతుంది. వదిలావా, చచ్చినా కదలదు."

"తాతకు దగ్గులు నేర్పకురా," అన్నాను. అందరితో పాటు వాడూ నవ్వాడు.

ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, వారం తిరక్కుండా నాకు అది తెగ నచ్చింది. ఆ ఒక్క బటనే ప్రాణం తీసేది. నావి కీళ్ళవాతం వేళ్ళు. అరగంట నొక్కి ఉంచితే మణికట్టుదాకా సలుపు. ఒక పొద్దున డ్రాయింగుల చుట్టకున్న రబ్బరు బ్యాండు తీసి బటన్ మీదుగా రెండు చుట్లు బిగించాను. వేలికి హాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మంగళవారం కొత్త పని సెట్టింగు చేస్తున్నాం. అప్పుడు మిషన్ తలుపు తెరిచే ఉంటుంది. నేను కంట్రోలర్‌ను పనిముట్ల పెట్టె మీద పెట్టి కొలత చూసే డయల్ గేజ్ కోసం వెళ్ళాను. టేబుల్ పక్కన ఇరుక్కున్న ఇనుప రజను తీద్దామని తమ్ముడు చెయ్యి పెట్టాడు. స్టిక్ వాలింది. టేబుల్ వంగింది, నెమ్మదిగానే. "అన్నయ్యా, ఆపు," అని మొదట మామూలుగానే అన్నాడు. రెండోసారి అరిచాడు. నేను పరిగెత్తి మిషన్ ఆపే ఎర్ర బటన్ గుద్దేసరికి వాడి కుడిచెయ్యి మణికట్టుదాకా నలిగిపోయింది.

వాణ్ణి అంబులెన్సు ఎక్కించేలోగా రబ్బరు బ్యాండు లాగి జేబులో కుక్కుకున్నాను. నా చెయ్యి చేసింది, నేను కాదు అనడానికి లేదు.

ఓనరు కంట్రోలర్‌ను సంచిలో వేసి, "ఇది ఎవరి కంటా పడకూడదు," అని నాకిచ్చాడు. విచారణకొచ్చిన అధికారి ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తమ్ముడే మంచం మీంచి "నా ప్రోగ్రాములో తప్పుండొచ్చు సార్" అన్నాడట. తప్పంతా వాడి పేరునే రాశారు. వాడి ఉద్యోగమూ పోయింది.

మూడోనాడు మరదలు వచ్చి, "ఆయన ఆ కంట్రోలర్ అడుగుతున్నారు బావగారూ," అంటే ఇచ్చి పంపాను.

రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. పదకొండో రోజున వాడు ఎడమచేత్తో కంట్రోలర్ పట్టుకుని కూర్చున్నాడు. కుడివైపు మణికట్టు దగ్గర కట్టు ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు.

"ప్రోగ్రాం అంతా మళ్ళీ చదివా అన్నయ్యా. బటన్ నొక్కకుండా కదిలే దారి ఒక్కటీ లేదు."

"మిషన్లను నమ్మకూడదురా," అన్నాను. ఆ మాట అంటుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

వాడు కంట్రోలర్ తిప్పి చూపించాడు. బటన్ మీదా వెనకవైపూ రెండు నల్లటి జిగురు గీతలు. మిషన్ నూనెలో నానిన రబ్బరు అలాగే కరిగి అంటుకుంటుంది. మా పనిలో ఉన్నవాడెవడికైనా తెలుసు.

"ఇది నా చేతికొచ్చిన రోజే చూశా," అన్నాడు. "నువ్వు రోజూ వస్తున్నావు. ఇవాళ చెబుతాడులే, ఇవాళ చెబుతాడులే అనుకున్నా."

నా చెయ్యి జేబులోనే ఉంది. బ్యాండు వేళ్ళకు అంటుకుంటోంది. దాన్ని బయటికి తీసి నోరు తెరవబోయాను.

"ఇప్పుడొద్దు అన్నయ్యా," అంటూ గోడవైపు తిరిగిపోయాడు. "ఇప్పుడు చెబితే, నేను అడిగాక చెప్పినట్టవుతుంది."