పుట్టువెంట్రుకలు

ఆ కార్డు నింపింది నేనే. హిందూపురం ఆసుపత్రిలో ఉమక్కకు బాబు పుట్టిన రోజు నర్సమ్మ దాన్ని నా చేతికిచ్చి, "చదువుకున్నావు గదమ్మా, నువ్వే రాయి" అంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఇంతకు ముందు కాన్పులెన్ని అన్న చోట పెన్ను ఆగింది.

రెండేళ్ల కిందట ఉమక్కకు ఒక పాప పుట్టి, నాలుగో నెలలో దగ్గుతో పోయింది. మా ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయకముందే పోయిన బిడ్డను లెక్కలో చేర్చరు. తలుచుకోరు కూడా. తలిస్తే తరువాతి బిడ్డకు మంచిది కాదంటారు.

"ఏమే వనితా, ఏం జూస్తాండావు? తొలి కాన్పని రాయి," అంది ఉలిగమ్మవ్వ. ఆమె మా అమ్మకు అమ్మ. ఉమక్కకు అత్త కూడా. అక్కను మా సొంత మేనమామ అంజనప్పకే ఇచ్చారు.

సున్నా రాశాను. పుట్టిన పిల్లలందరికీ వేసే క్షయ టీకా ఆ రోజే బాబు ఎడమ భుజానికి వేశారు.

మూడో నెల వచ్చినా టీకా పుండు మానలేదు. చంకలో గడ్డ లేచింది. నోటినిండా తెల్లటి పూత. పెనుకొండలో చూపించాం, ధర్మవరంలో చూపించాం. మందులు మారాయి గానీ జ్వరం వదల్లేదు. ఐదో నెలలో బెంగళూరు బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు చూసి కన్నడంలో అడిగింది, ఈ తల్లికి ఇంతకు ముందు బిడ్డలెవరైనా పోయారా అని.

"లేదమ్మా, ఇదే తొలి కాన్పు," అంది అవ్వ.

ఉమక్క నేల చూస్తోంది. "ఒక పాప పోయిందండీ," అన్నాను. అవ్వ నా మోచేయి గిల్లింది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మాట పుట్టిన రోజే చెప్పి ఉంటే ముందు రక్తం పరీక్షించి, టీకా ఆపేవారట. పుట్టుకతోనే రోగాన్ని ఎదిరించే శక్తి లేని ఇలాంటి పిల్లలు, క్రిములు పట్టకముందే ఎముక మజ్జ మార్చితే చాలామంది బతుకుతారట. మిగతా పిల్లలకు మేలు చేసే టీకాలోని బలహీనమైన క్రిములే వీడికి ఊపిరితిత్తుల దాకా పాకాయి.

బయట వరండాలో మామ నన్ను ఆపాడు. ఆయన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పని చేస్తాడు. "నాకర్థమయ్యేతట్ల చెప్పు వనితా."

"గంపలో చెయ్యి పెట్టి తాకితేనే గదా మామా, ఏది చెడ్డ గూడో నీకు తెలిసేది? రక్తంలో టి కణాలని కాపలావి ఉంటాయి. వాటి పైన చేతుల మాదిరి గ్రాహకాలుంటాయి. క్రిమిని తాకి లోపలికి కబురు పంపేది అవే. కబురు పోతేనే కణం లేచి పోట్లాడేది. మనోనికి ఆ గ్రాహకాలు సరిగా కట్టుకోలేదు. కణాలే కొన్ని. ఉండేవీ గమ్మున కూర్చోనుండాయి."

"యాడి నుంచి వచ్చె ఇది?"

"నీలో సగం, అక్కలో సగం. ఒకే ఇంటి రక్తం గదా. మీకేమీ కాదు. రెండు సగాలూ బిడ్డలో కూడితేనే."

మామ తన వేళ్లనే చూసుకుంటూ నిలబడ్డాడు. "పాపకూ ఇదేనా?"

ఆ బిడ్డ మాట ఆయన నోట వినడం అదే మొదలు. "అయ్యుండచ్చు మామా," అన్నాను.

అక్కడ చేర్చిన తొమ్మిదో రోజు బాబుకు ఎగశ్వాస పట్టింది. ఇక చేసేదేమీ లేదు, ఎత్తుకోమన్నారు.

"వనితా, నర్సమ్మనడిగి కత్తెర తే," అంది ఉమక్క.

"యాలక్కా?"

"ఈనికి వెంట్రుకలు తీస్తా. తీస్తే లెక్కలోకి వస్తాడు గదే. ఇంగ నువ్వు సున్నా రాయవు."

వాడికి మేనమామ కావడానికి మాకు అన్నదమ్ములు లేరు. మేనమామ ఒడికి బదులు నా ఒడిలో పెట్టుకున్నాను. తల కాలిపోతోంది. అక్క మూడు పాయలు కత్తిరించి పిడికిట్లో మూసుకుంది. సాయంత్రానికి వాడు పోయాడు.

మరునాడు వాణ్ణి బండిలో ఇంటికి తెస్తుంటే అవ్వ మెల్లగా అంది: "దేవుని ముందర గాదు, మేనమామ ఒడీ గాదు. ఆసుపత్రిలో తీసింది చెల్లదు. రేపెవరైనా అడిగితే కాన్పులే కాలేదనండి."

"చెల్లుతుందక్కా. ఇద్దరనే రాస్తా," అన్నాను.

ఉమక్క నా వైపు తిరిగింది. "ఇప్పుడు రాస్తావా?" అంది.

మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయింది. పిడికిలి మాత్రం విప్పలేదు.