రేకుకో పేరు

ప్రార్థన చేసేటప్పుడు సంపూర్ణమ్మ కళ్లు మూసుకోదు. మూసుకుంటే రేకు మాడిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తున్న మనిషికి పొయ్యి మీద బోర్లించిన కుండే ప్రార్థన గది. పిండినీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగుతూ ఒక పేరు అనుకుంటుంది. రేకు ఊడి చేతికొచ్చేసరికి ఆ మనిషిని దేవుడికి అప్పగించేస్తుంది. రోజుకు మూడు వందల రేకులు. ఆమెతో మాట్లాడని వాళ్లు కూడా అందులో ఉంటారు, వాళ్లకు తెలియదంతే.

ఆ శనివారం సాయంత్రం లూథరన్ చర్చి స్త్రీల కూటం వీళ్లింట్లో. కూటం ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి కోడలు ముగింపు ప్రార్థన చేయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. కోడలు ఆశాజ్యోతికి ఏడో నెలలో ఆడపిల్ల కడుపులోనే పోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఆమె చర్చికి వస్తోంది, పాటలు పాడుతోంది, ప్రార్థన అనేసరికి మాత్రం నోరు పెగలడం లేదు.

కూటం పెద్ద బేబిగారు ముందురోజే వచ్చింది. “పోనీ, ముగింపు నన్ను చేసేయమంటారా సంపూర్ణమ్మగారూ?”

జాలిగానే అడిగింది. ఆ జాలి మర్నాటికల్లా పదిళ్లు తిరిగొస్తుందని సంపూర్ణమ్మకు తెలుసు.

“అక్కర్లేదండి. మా కోడలే చేస్తుంది.”

శనివారం పొద్దున్నే ఆశాజ్యోతిని కుండ ముందు కూర్చోబెట్టింది.

“నాకు మాటలు రావట్లేదండి అత్తయ్యగారూ.”

“మాటలెవరడిగారు? గుడ్డ వెయ్యి, ఒక పేరు చెప్పు, రేకు తియ్యి. మిగతాది ఆయన చూసుకుంటాడు.”

మొదటి పది రేకులూ చిరిగాయి. తర్వాత చెయ్యి కుదిరింది. పాలు పోసే చిట్టియ్య, ఎదురింటి లోవలక్ష్మి, డ్యూటీకెళ్లిన భర్త సాల్మన్, ఒక్కొక్కరి పేరే నోటికొచ్చింది. తన పద్ధతి పారిందని సంపూర్ణమ్మ లోలోపల మురిసిపోయింది. ఇంతలో గుడ్డ లాగిన కోడలి చెయ్యి అలాగే ఆగిపోయింది. కుండ మీద రేకు ఎర్రబడి, మాడు వాసన వచ్చింది.

“ఏంటమ్మా? ఎవరి పేరు?”

ఆశాజ్యోతి తలెత్తలేదు. “బాప్తిస్మమిచ్చి పేరు పెట్టడం కాలేదు కదండీ. పేరు లేని బిడ్డని ఏమని అప్పగించనండి? ఎవరని దేవుడడిగితే ఏం చెప్పను?”

సంపూర్ణమ్మ మనసులో లెక్క చూసుకుంది. ఈ నాలుగు నెలల్లో కొడుకు పేరున, కోడలి పేరున ఎన్నో రేకులు తీసింది. మనవరాలి కోసం ఒక్కటీ తీయలేదు. పేరు లేదు గనక తోచనే లేదు. సిగ్గుతో ఆమె ముఖం పొయ్యి సెగ కన్నా ఎక్కువ కాలింది.

“అలాగని నీకెవరు చెప్పారమ్మా?”

“ఎవరూ చెప్పలేదండి. నేనే అనుకున్నాను.”

“నేను అసలు అనుకోనే లేదు. ఇంత వయసొచ్చీ బుద్ధి లేదు నాకు.” మాడిన రేకు గీకేసి, తనే గుడ్డ ముంచి కోడలి చేతికిచ్చింది. “బాప్తిస్మమిచ్చే అయ్యగారి చేతికి రాకపోతేనేం, దేవుడి చేతికెళ్లింది. తల్లివి నువ్వు. పేరు పెట్టు.”

ఆశాజ్యోతి పెట్టింది. పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. సంపూర్ణమ్మ కూడా ఏడ్చింది. ఆ పూట ఇంక రేకులు సాగలేదు.

సాయంత్రం పద్నాలుగు మంది వచ్చారు. పాటయ్యింది, వాక్యం అయ్యింది. ఆశాజ్యోతి లేచి నిలబడింది. కళ్లు మూసుకోలేదు.

“దేవా, చిట్టియ్యగారు. లోవలక్ష్మిగారు. బేబిగారి మోకాళ్లు. మా ఆయన సాల్మన్. మా దీవెన. ఆమెన్.”

పావుగంటకు తక్కువ ప్రార్థన ఎరగని బేబిగారు అయోమయంగా కళ్లు తెరిచింది. “దీవెన ఎవరమ్మా?”

ఆశాజ్యోతి అత్తగారి వైపు చూసింది. సంపూర్ణమ్మ లేచి వచ్చి కోడలి పక్కన నిలబడి, వెనక వరుసకు కూడా వినపడేలా చెప్పింది.

“మా మనవరాలండి.”