కుర్చీ చప్పుడున్న పాట

క్రిస్టోఫర్‌కు నచ్చిన పాటలు ఇంకెవరికీ నచ్చవు. అందుకు అతను బాధపడుతున్నానని చెప్పుకుంటాడు గానీ, చెప్పేటప్పుడు ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది. నెల పుట్టగానే ‘ఈ నెల నా అయిదు పాటలు’ అంటూ వాట్సాప్ స్టేటస్ పెడతాడు. షిల్లాంగ్ అక్కచెల్లెళ్లు ముగ్గురు వాన మీద పాడుకున్నది ఒకటి. బెంగుళూరులో బ్యాంకు ఉద్యోగం వదిలేసి గిటారు పట్టినవాడిది ఒకటి. ఎక్కడో కొండ పల్లెల జానపదానికి డ్రమ్ములు కలిపినది ఇంకొకటి. అవి సినిమాల్లో ఉండవు, పెళ్లి డీజేల్లో ఉండవు, ప్రొద్దుటూరులో ఏ ఆటోలోనూ మోగవు. వాటి గొప్పతనమే అదని అతని వాదన. చాపాడు హైస్కూల్లో అతనితో పనిచేసే టీచర్లు ఆ స్టేటస్‌కు ఒక దండం బొమ్మ పెట్టి, పాట నొక్కకుండానే తప్పుకుంటారు.

ఈ నెల పెద్దపీట వేసింది ఏడు నిమిషాల పాటకు. అందులో మనిషి గొంతు వినపడేది మూడో నిమిషం దాటాకే. అంతదాకా గిటారు ఒక్కటే తీరుబడిగా నడుస్తుంది. ఆ నడకలో ఒకచోట పాడేవాడు సర్దుకుని కూర్చున్నట్టున్నాడు, కుర్చీ కిర్రుమంటుంది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. క్రిస్టోఫర్ ప్రాణమంతా ఆ కిర్రు మీదే. అది వినపడగానే ఎవరో పక్కన కూర్చుని తనకోసమే పాడబోతున్నట్టు ఉంటుంది అతనికి. ఒకరోజు స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారి చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, సరిగ్గా అక్కడికి వచ్చాక ఆశగా అడిగాడు.

“ఏమన్నా ఇనపడిందా సార్?”

“ఇనపడింది. నీ ఫోన్లో చార్జింగు అయిపోతాండాది” అన్నాడు ఆయన.

ఇంత పాటల పిచ్చి ఉన్నవాడికి పాడడం రాదు. మొహమాటానికి అనే మాట కాదు, నిజంగానే రాదు. చిన్నప్పుడు జమ్మలమడుగు సండేస్కూల్లో టీచరమ్మ చెవి దగ్గరికి వంగి, “నువ్వు పెదాలు ఆడిస్తే సాలు బంగారూ” అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పెదాలే ఆడిస్తున్నాడు. కన్నతల్లికి కూడా ఆ సంగతి తెలియదు. చెవుల్లో ఎప్పుడూ ఆ వైర్లు, గదిలో గోడకు తువ్వాలు ఆరేసుకునే గిటారు. చూసినవాళ్లంతా గొప్ప పాటగాడనుకున్నారు. అతనూ కాదనలేదు.

కాదనకపోవడం ఎంత పని చేసిందో పులివెందుల బస్సులో తెలిసింది. పక్కన అతని మేనమామ చెన్నయ్య ఉన్నాడు. ఇద్దరూ హెలెన్ అనే అమ్మాయిని చూడడానికి పోతున్నారు. చూడడం మామకు కొత్త గానీ క్రిస్టోఫర్‌కు కాదు. వేసవిలో జమ్మలమడుగులో చుట్టాల పెళ్లికి వచ్చిందా అమ్మాయి. పులివెందులలో వార్డు సచివాలయంలో ఉద్యోగమట. పెళ్లి పందిట్లో డీజే దగ్గరికి నడిచిపోయి, “కొంచెం తగ్గించప్పా. పక్కనుండే మనిషి ఏం చెప్తాండాడో ఇనపడాల గదా” అని గట్టిగా అడిగింది. ఆ మాటతో క్రిస్టోఫర్ పడిపోయాడు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలని అప్పుడే అనుకున్నాడు.

“నీది అదృష్టంరా” అన్నాడు మామ ముద్దనూరు దాటాక. “వాళ్లది పాటల ఇల్లు. ఆ పిల్ల నాయన రాజశేఖర్ చర్చి కొయిరుకు పెద్ద. కర్నూలు ఇంజినీరు సంబంధం వస్తే పాట రాదని వద్దనేసినారు. నేనేం చెప్పినానో తెల్సా? మావోడు పాడితే కిటికీ అద్దాలు అదరతాయని చెప్పినా.”

అద్దాల మాట మాత్రం నిజమే కావచ్చనుకున్నాడు క్రిస్టోఫర్.

“మామా, నాకు పాడను రాదు.”

“పెద్ద పాటగాళ్లందరూ అట్లనే అంటార్లే. ఏదీ, ఏం ఇంటాండావో నాకూ పెట్టు.”

ఒక ఇయర్‌ఫోను మామకు ఇచ్చాడు. కాసేపటికి మామ నొసలు ముడిపడింది.

“పాట ఎప్పుడు మొదలైతాది?”

“మొదలైంది మామా.”

“యాడ?”

“ఇదే.”

మామ తల ఊపి, కుర్చీ చప్పుడు రాకముందే గుర్రు పెట్టాడు.

రాజశేఖర్ ఇంట్లో ముందు ప్రార్థన, తర్వాత కీర్తన. ఎనిమిదిమంది లేచి నిలబడ్డారు. రాజశేఖర్, ఆయన భార్య, ఆయన తల్లి యేసమ్మ, తమ్ముడు, మరదలు, ఇద్దరు కొడుకులు, ఒక మూలగా హెలెన్. పాట అందుకోగానే ఇల్లు దద్దరిల్లింది. క్రిస్టోఫర్ అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని విన్నాడు. రెండో చరణంలో కళ్లు తెరిచి హెలెన్ వైపు చూశాడు. ఆమె పెదాలు చక్కగా ఆడుతున్నాయి. గొంతు మాత్రం లేదు. ఇంకెవరైనా అయితే పోల్చుకోలేరు గానీ, ఆ విద్యలో అతను ఆరితేరినవాడు.

మైసూరుపాకు, కారాలు, కాఫీ అయ్యాక యేసమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

“మీ మామ శానా చెప్పినాడు నాయనా. ఒక్క చరణం అందుకో, ఇంటాం.”

“గొంతు పట్టినట్టుండాది అవ్వా” అన్నాడు క్రిస్టోఫర్.

వంటింట్లోంచి మిరియాల పాలు వచ్చేశాయి. తాగక తప్పలేదు. తాగుతున్నంతసేపూ అందరూ అతని గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. లోటా ఖాళీ అయింది. దానితోపాటు సాకులూ అయిపోయాయి.

“నాకు పాడను రాదవ్వా. అస్సలు రాదు. చర్చిలో గూడా పెదాలే ఆడిస్తా. నేను ఇంటా, అంతే.”

చెన్నయ్య మామ పైన తిరిగే ఫ్యాను రెక్కలను శ్రద్ధగా చూడసాగాడు.

“ఇనేదానికేముందప్పా? చెవులుండేవాళ్లందరూ ఇంటారు” అన్నాడు రాజశేఖర్ పొడిగా.

“అట్లయితే మేము పాడింది ఇన్నావు గదా, ఎట్లుండాదో చెప్పు” అంది యేసమ్మ. ఆమెకు నవ్వు వస్తోంది.

పాట గురించి అడిగితే క్రిస్టోఫర్‌కు భయం, మర్యాద రెండూ గుర్తుండవు. “అవ్వా, మీరు ప్రతి చరణం అందరికన్నా ముందే ఎత్తుకుంటారు. మీకోసం సారు సాగదీసి కలుపుకుంటారు. మీ మనవళ్లిద్దరూ పందెం మాదిరి అరుస్తారు. శ్రుతిలో ఉండేది అమ్మగారొక్కరే, ఆమె గొంతు మీరు పైకి రానీరు. ఏడు గొంతులు ఏడు దావల్లో పోయినా, ఆఖరికి ఒక్కచోటికే చేరినాయి. అది శానా బాగుండాది.”

“ఏడేంది?” అన్నాడు రాజశేఖర్. “ఎనిమిదిమందిమి పాడితిమి గదా?”

క్రిస్టోఫర్ నాలుక కరుచుకున్నాడు. హెలెన్ ముఖం పాలిపోయింది. పాటల ఇంట్లో పాడని కూతురు ఉందని బయటివాడు వచ్చి చెప్పడమా? తన సంగతి తాను చెప్పుకోవచ్చు. ఆమె సంగతి తనది కాదు.

“లెక్క తప్పింది సార్” అన్నాడు.

“పాటా రాదు, లెక్కా రాదు. బళ్లో ఏం చెప్తాండావప్పా?”

ఇక ఈ అమ్మాయి దక్కదని అర్థమైపోయింది. ఎవరూ వినని పాటలు ఎన్నో ఏళ్లు మోసినవాడికి ఎప్పుడూ కలగని దిగులు ఇప్పుడు కలిగింది. అయినా నోరు విప్పలేదు.

“లెక్క తప్పలేదు నాయనా” అంది హెలెన్. “నేను పాడలా.”

అందరూ అటు తిరిగారు.

“కాలేజీలో చేరినప్పట్నుంచీ పాడలా. పెదాలే ఆడిస్తాండా. మీరంతా పాడతాంటే నా గొంతు నాకే ఇనపడదు. ఇంగ పాడేదెందుకని నిలిపేస్తి. ఇన్నేండ్లకు మీలో ఒక్కరన్నా కనిపెట్టినారా?”

కొడుకులిద్దరూ మైసూరుపాకు పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయారు. యేసమ్మ మనవరాలిని చూసి, తర్వాత క్రిస్టోఫర్ వైపు తిరిగింది.

“నువ్వు ఇనేదేందో పెట్టు నాయనా. మేమూ చూస్తాం.”

టీవీ పక్కనున్న స్పీకర్‌కు ఫోను కలిపాడు. గిటారు మొదలైంది. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి నోరు మూసుకోవడం చాలా కాలానికి జరిగింది. కాసేపు చూసి యేసమ్మ గుసగుసగా అడిగింది.

“ఇంగా మొదలు కాలేదా?”

“మొదలైందంట. ఇదేనంట” అన్నాడు చెన్నయ్య మామ, ముందే తెలిసినవాడిగా.

అప్పుడే కిర్రుమంది. యేసమ్మ గయ్‌మంది. “ఏయ్ చెన్నయ్యా, కదలకుండా కూర్చోప్పా! మా ఆయన చేయించిన టేకు కుర్చీ అది!”

“నేను కదల్లేదమ్మా!”

“మామ కాదవ్వా” అంది హెలెన్. ఆమె కళ్లు స్పీకర్ మీదే ఉన్నాయి. “పాటలో ఉండే కుర్చీ అది. పాడేటాయన సర్దుకుని కూర్చున్నట్టుండాడు.” తర్వాత మెల్లగా క్రిస్టోఫర్ వైపు చూసింది. “అంతే గదా?”

ఈ ప్రశ్నకు చెప్పడానికి క్రిస్టోఫర్ దగ్గర ఎన్నాళ్లుగానో దాచుకున్న జవాబు ఉంది. స్టేటస్‌లో పట్టనంత పెద్దది. అందులో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. తల ఊపాడు. ఆ ఊపడం కూడా సరిగ్గా కుదరలేదు.

రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు.

“నాకు ఇనపడలేదే! మొదట్నుంచీ పెట్టు అల్లుడూ.”

క్రిస్టోఫర్ పాటను వెనక్కి జరిపాడు. ఈసారి చెన్నయ్య మామ ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు.