కాదంటే ఏమవుతుంది?

"యామినికేం ఇబ్బంది లేదమ్మా. వచ్చే నెల నుంచి మానేస్తుందిలే," అన్నారు మా ఆయన గిరీష్, షాపు తెరవడానికి బయల్దేరుతూ. నేను పక్కనే పెనం మీద అట్టు తిరగేస్తున్నాను. మా ఆడపడుచు నాగవల్లి పురిటికొస్తోంది, చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలి. "ఆ కంప్యూటర్ పాఠాలు ఎవరైనా చెప్తార్లేరా," అంది అత్తయ్య. నేను నోరు తెరవకుండానే నా ఉద్యోగం ఊడింది! జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా ఒళ్లు మండుతూనే ఉంది.

నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్లో ఆ రోజు జావాస్క్రిప్ట్ క్లాసు. ఇంటర్ మార్కులు వెతికిపెట్టే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాయిస్తున్నాను. దానికి నాలుగు ఇవ్వాలి: హాల్ టికెట్ నంబరు, సంవత్సరం, మార్కులు దొరికితే చేసే పని, దొరక్కపోతే చేసే పని, అదీ వరస. సంవత్సరం ఇవ్వకపోయినా పర్లేదని చెప్పానని ముందు బెంచీలో ఉన్న కృపాజ్యోతి దాన్ని వదిలేసింది. వెనకున్న రెండూ ముందుకు జరిగాయి. దొరికితే చేసే పని వెళ్లి సంవత్సరం చోట్లో కూర్చుంది. ఎర్రర్!

"నేను చెప్పకపోతే ఈ ఏడాదేనని అదే అనుకోదా మేడం?"

"దానంతటది అనుకోదమ్మా. ఆ చోట్లోకి వచ్చిందేంటో మనమే చూడాలి. సంవత్సరం బదులు చేసే పని వచ్చిందంటే, వాటిని మళ్లీ వెనక్కి జరిపి, ఈ ఏడాదిని అక్కడ పెట్టాలి."

సరిచేసింది. ప్రోగ్రాం నడిచింది. అంతటితో ఊరుకుందా? "దొరక్కపోతే ఏం చెయ్యాలో కూడా ఇవ్వకపోతేనో మేడం?" అంది.

"దొరికినన్నాళ్లూ బానే నడుస్తుంది. దొరకని రోజు తెలుస్తుంది," అన్నాను. అంటూనే సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. యామిని సరేనంటే ఏం చెయ్యాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. కాదంటే? ఎవరూ ఆలోచించలేదు. ఆశ్చర్యం, నేనూ ఆలోచించలేదు! ఆయన అరుస్తారా? అత్తయ్య అన్నం మానేస్తుందా? మా అమ్మకి ఫోన్ చేస్తారా? ఏమో, నిజంగా తెలీదు. రెండు దారులూ నడిపి చూడండని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, ఒక్కసారైనా నడిపి చూశానా? పొద్దుటి కోపం ఎటు పోయిందో గానీ, చూడాలని ఒకటే కుతూహలం పట్టుకుంది.

సాయంత్రం గుమ్మంలోనే అత్తయ్య అడిగింది, "చెప్పేశావా సెంటర్లో?"

"లేదత్తయ్యా. నేను మాననండి. పొద్దున్నా, సాయంత్రం నాగవల్లిని నేను చూసుకుంటా. మధ్యాహ్నం మీరూ, ఆయనా చూసుకోండి."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఆయన నా వైపు చూశారు. అరవలేదు.

"మరి మధ్యాహ్నం షాపు ఎలాగ?" అన్నారు చివరికి.

నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఆయన ఆగడం అదే మొదటిసారి.