తెరవని సొరుగు

అరంగుళం మాస్టరు కొలత తీసేటప్పుడు ఫోను వంక చూడడు. కళ్లు టేపు మీద, మనసు ఎదుటి మనిషి భుజాల వాలు మీద. టేపు కొస ఎడమచేతి చిటికెనవేలి కింద అణిగి ఉంటే, అదే గుప్పిట్లోని ఫోను మీద బొటనవేలు తన దారిన తను నడుస్తుంది. భుజం పదిహేనున్నర, చేయి ఇరవై రెండు. నడుము దగ్గర మాత్రం కాసేపు ఆగుతాడు, ఎందుకంటే నడుముకి టేపు చుట్టగానే ప్రతి మనిషీ ఊపిరి బిగబడతాడు. వదిలేదాకా చూసి అప్పుడు నొక్కుతాడు. అర అంగుళం తేడా వచ్చినా విప్పి మళ్లీ కుట్టే మనిషి కనుక ఆ పేరు అతనికి అతికిపోయింది.

ఆ ఫోనుకి పైన తాకితే పలికే తెర, అడుగున దాక్కున్న మీటలు. పక్కకి తోస్తే అల్మారా సొరుగులా మీటలు టక్కున బయటికొస్తాయి. ఇంట్లో అందరూ దాన్ని సొరుగు ఫోను అనేవాళ్లు. అంతకుముందు కొన్న ఉత్త తెర ఫోను మాస్టరుతో నెల రోజులు కూడా కాపురం చేయలేదు. ముప్పై ఏళ్లుగా సూది గుచ్చుకుని, కత్తెర పిడికి ఒరుసుకుని బిరుసెక్కిన అతని వేళ్లని ఆ తెర వేళ్లుగా ఒప్పుకోలేదు. పది సార్లు పొడిస్తే ఒక్కసారి పలికేది. సొరుగులో మీటలు అలా కాదు. ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉంది. అది తగిలితే చాలు, మిగతా అంకెల ఇళ్లన్నీ బొటనవేలికి తెలుసు.

కొత్త మతం పుచ్చుకున్నవాడికి ఊరుకోబుద్ధి కాదు. మాస్టరు పట్టుబట్టి ఇద్దరు చుట్టాల చేత అదే ఫోను కొనిపించాడు. ఒకరు భార్యకి పిన్ని, అతనికి చిన్నత్త. రెండోవాడు భార్యకి అన్న, రెండు వీధుల అవతల సెలూన్ నడిపే బావ.

చిన్నత్త మీటలు నొక్కి ఎరగదు. ఫోను మోగితే సొరుగు తెరుస్తుంది, మాట నచ్చకపోతే ఠపీమని మూస్తుంది. "తెర ఫోనులో కోపం ఎక్కడ చూపించను? ఎర్ర బొమ్మని మెత్తగా తాకాలంట, పసిపిల్ల బుగ్గలా. ఇదైతే మూసిన చప్పుడు అవతలాయన చెవిలో పడుతుంది," అని మురిసిపోయేది. చప్పుడు పడదని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఎవరు బతకగలరు.

బావ సంగతి వేరు. తడిచేత్తో తాకితే తెర తిక్క తిరిగి, అడగని వాళ్లకి ఫోను కలిపేది. ఒకసారి నురగ చేత్తో జేబులో పెట్టుకుంటే, వేరుపడ్డ పాలివాళ్లకి ఫోను వెళ్లి, తన గురించి బావ కస్టమరుతో చెప్పిందంతా వాళ్లావిడ తీరిగ్గా వింది. ఇక సొరుగులోకి కత్తిరించిన వెంట్రుకలు దూరి, వారం తిరిగేసరికి సగంలో బిగుసుకుంది. బలవంతాన మూసి మళ్లీ తెరవలేదు. అప్పట్నుంచి రెండేళ్లుగా ఆ సెలూన్ కుర్చీలో కూర్చున్న ప్రతి గడ్డానికీ ఆ ఫోను కథ విన్నాకే విడుదల.

మాస్టరు చేసిన ఇంకో ఘనకార్యం ఉంది. కొలతలన్నీ ఫోనులోకి ఎక్కాయి కదా అని, పాత కొలతల పుస్తకాల్ని కాలరు నమూనాలకి కత్తిరించేశాడు. కొత్త పుస్తకం మొదలుపెట్టనూ లేదు. "ఒక్కటైనా ఉంచవయ్యా," అంది భార్య, కాజాలు కుడుతూ. "ఉంచి పూజ చేయనా?" అన్నాడు. ఆవిడ దారం కొరికి ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే గుర్తుపెట్టుకుందని అర్థం.

ఇలా ఉండగా ఆస్పత్రి పని వచ్చింది. ఇరవై రెండు మంది నర్సులకి కోట్లు. వీధి మొదట్లో పెద్ద రెడీమేడ్ కొట్టు తెరిచాక మాస్టరు దగ్గరికి పొడుగు తగ్గించేవాళ్లు, జిప్పులు మార్పించుకునేవాళ్లు తప్ప కొత్త బట్ట పట్టుకొచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ కొట్టు కోట్లు తొడిగితే చేతులెత్తినప్పుడల్లా నడుము పైకి లేస్తోందని పెద్ద నర్సమ్మ ఇతన్ని పిలిచింది. మాస్టరు రెండు మధ్యాహ్నాలు వార్డుల మధ్య తిరిగి, ఒక్కొక్కరికీ రెండేసి కొలతలు తీశాడు. చేతులు దించి ఒకటి, సెలైన్ సీసా తగిలించేటట్టు చేతులెత్తించి ఒకటి.

"బాగానే ఉంది గానీ మాస్టారూ, డ్యూటీలో ఉన్నవాళ్లని మళ్లీ నిలబెట్టడం నావల్ల కాదు. సోమవారానికి కోట్లు రావాలి. రాకపోతే ఆ కొట్టువాడికే చెప్పేస్తా," అంది పెద్ద నర్సమ్మ.

"మళ్లీ ఎందుకమ్మా, అన్నీ ఇందులో ఉన్నాయి," అని మాస్టరు సొరుగు మూశాడు. టక్.

బుధవారం పొద్దున తెల్లబట్ట బల్ల మీద పరిచి, సుద్ద చేతిలో పట్టుకుని సొరుగు తోశాడు. తెర ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. మూసినా నలుపే, తెరిచినా నలుపే. భార్య తన ఫోను నుంచి కలిపితే చక్కగా మోగింది. ప్రాణం ఉంది, చూపు పోయింది. ఇరవై రెండు మంది భుజాలూ నడుములూ ఆ చీకట్లో ఉన్నాయి. మాస్టరు సుద్ద కింద పెట్టాడు. భార్య పాత పుస్తకాల ఊసెత్తలేదు. ఎత్తితేనే బావుండేదని అతనికి అనిపించింది.

బస్టాపు పక్కన ఫోన్లు బాగుచేసే ఆవిడని అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ కంటికి భూతద్దం తగిలించుకుని, మరలు విప్పి, లోపల్నుంచి రిబ్బను ముక్కంత పల్చటి పట్టీ ఒకటి లాగి చూపించింది. మధ్యలో చిట్లి ఉంది.

"తెరకీ మీటలకీ మధ్య పేగు ఇది. సొరుగు తెరిచినప్పుడల్లా మడత పడుతుంది. రోజుకి ఎన్నిసార్లు తెరుస్తావు?"

"ఓ వంద సార్లు."

"మరి తెగదా? ఇవి ఇప్పుడు తయారవట్లేదు మాస్టారూ. ఇదే రకం ఫోను ఇంకొకటి తెచ్చుకో, దాని పేగు దీనికి వేస్తా. నీ కొలతలు ఎక్కడికీ పోలేదు."

మాస్టరు ముందు చిన్నత్త దగ్గరికి వెళ్లాడు. ఆవిడ సంగతంతా విని, ఫోను ఒళ్లో దాచుకుంది.

"నువ్వే కొనిపించి నువ్వే పేగు తీస్తానంటే ఎట్లా అల్లుడూ? వాడిది ఉందిగా, సెలూన్ వాడిది. రెండేళ్ల నుంచి పారేస్తా పారేస్తా అంటున్నాడు. వాడు పారేసేది నువ్వు పట్టుకో."

అది నిజమేననుకున్నాడు మాస్టరు. అడగటమే ఆలస్యం అనుకున్నాడు.

సెలూన్లో బావ, రిటైరైన బస్సు కండక్టరుకి గడ్డం గీస్తున్నాడు. మాస్టరు వచ్చిన పని చెప్పాడు. బావ కత్తి ఆపి, అద్దంలోంచి అతన్ని చూశాడు.

"ఏ ఫోను?"

"అదే బావా, సొరుగు ఫోను."

"దానికేమైంది? బాగానే ఉంది."

నురగ లోపల్నుంచి కండక్టరు నవ్వాడు. "పోయిన వారమేగా, దాన్ని కొరివితో తల గోక్కోవడం అన్నావు?"

"నువ్వు కదలకు, చెవి తెగుతుంది," అన్నాడు బావ. తర్వాత అద్దాల కింద అరలోంచి, దువ్వెనల వెనకనుంచి ఫోను తీసి తుడిచాడు. రెండేళ్లలో దానికి ఆ భాగ్యం అదే మొదటిసారి. "పొద్దున లేవడానికి అలారం ఇదే. టార్చి దీనంత వెలుగు దేనికీ లేదు. అయినా నా వస్తువు బావా. పేగులు తీయించుకోడానికి పెంచుకున్నానా?"

"తెరుచుకోదు కదా."

"తెరుచుకోకపోతే నష్టమేంటి? మూసి ఉన్న ఇల్లు ఇల్లు కాదా?"

ఇరవై రెండు కోట్ల సంగతి, సోమవారం సంగతి, రెడీమేడ్ కొట్టు సంగతి మాస్టరు చెప్పాడు. బావ కఠినుడేం కాదు. పెదవి కొరుక్కున్నాడు, ఫోను అటూ ఇటూ తిప్పాడు. కానీ చేయి ముందుకు రాలేదు. ఎందుకు రావట్లేదో మాస్టరుకి అంతుపట్టలేదు. గోడకున్న బల్ల మీద కూలబడ్డాడు. బావ మళ్లీ కత్తి అందుకున్నాడు. అలవాటైన నోరు కదా, రెండు గీతలు పడ్డాయో లేదో తనంత తానే మొదలెట్టాడు.

"అసలు ఈ ఫోను నాచేత ఎట్లా కొనిపించాడో తెలుసా అండీ..."

"తెలుసు," అన్నాడు కండక్టరు. "పాలివాళ్లావిడ దాకా తెలుసు. కొత్త భాగం ఏమన్నా ఉంటే చెప్పు."

అప్పుడు వెలిగింది మాస్టరుకి. బావ దాచుకున్నది ఫోనుని కాదు. ఫోను పోతే కథ పోతుంది. ఉత్త గడ్డం గీయడానికి ఎవరొస్తారు, ఆ కబుర్ల కోసమే కదా సగం మంది రావడం. లేచి బావ పక్కన నిలబడ్డాడు.

"బావా, ఒకటి చెప్తా విను. పనికిరాని ఫోను అంటగట్టాడని రెండేళ్లు తిట్టావు, పడ్డాను. రేపట్నుంచి ఇంకా పెద్దది చెప్పుకో. అంటగట్టింది చాలక, రెండేళ్ల తర్వాత వచ్చి దాని పేగు కూడా పీక్కుపోయాడని చెప్పుకో. నేనెక్కడా కాదనను. నా ఎదురుగా చెప్పినా తల ఊపుతా."

బావ చేతిలో కత్తి గాల్లో నిలిచింది.

"పేగు కూడా పీక్కుపోయాడు," అని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు మెల్లగా అన్నాడు.

"ఇది బావుంది," అన్నాడు కండక్టరు. "దీనికోసం నేను ఎల్లుండి మళ్లీ వస్తా."

బావ ఫోను మాస్టరు చేతిలో పెట్టి, అతని గుప్పిట మూశాడు. "పీక్కుపో. నా చెల్లెలి ముఖం చూసి ఇస్తున్నా. అది కూడా చెప్పుకుంటా."

డాక్టరమ్మ ఆ ఫోను విప్పితే ముందు వెంట్రుకలు రాలాయి. నల్లవి, తెల్లవి, రంగేసినవి, ఎవరెవరివో. బల్ల మీద చిన్న కుప్పయింది. వాటి కింద పట్టీ మాత్రం, మడత నలగని కొత్త చొక్కాలా ఉంది.

"ఇది తెరిచినట్టే లేదే," అందావిడ.

"మా బావ దీన్ని తిట్టాడే గానీ తెరవలేదమ్మా."

"తిట్టడం మంచిదయింది. రోజూ వాడి ఉంటే ఇదీ నీదానిలాగే చిట్లిపోయేది."

పట్టీ మారింది. మరలు బిగిశాయి. ఆవిడ సొరుగు తోయబోతే మాస్టరు ఆపి, తనే తోశాడు. టక్. తెర వెలిగింది. పెద్ద నర్సమ్మ మొదలు ఇరవై రెండో ఆవిడ దాకా, చేతులు దించినవీ ఎత్తినవీ, ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. మాస్టరు అక్కడే కాగితం అడిగి అన్నీ రాసుకున్నాడు. ఇంటికి పోయేముందు పుస్తకాల కొట్లో మందపాటి నోటుపుస్తకం ఒకటి కొన్నాడు. భార్య దాన్ని చూసి, "పూజకా?" అని మాత్రం అంది.

నాలుగు రోజులు ఇంట్లో రెండు మిషన్లూ ఆగలేదు. సోమవారం ఆస్పత్రిలో ఒక చిన్న నర్సు కోటు తొడుక్కుని, అద్దం వైపు పోకుండా, సెలైన్ స్టాండు దగ్గరికెళ్లి చేయి పైకెత్తి చూసుకుంది. నడుము అంచు ఉన్నచోటే ఉంది. పెద్ద నర్సమ్మ, ఆపరేషన్ థియేటరు వాళ్లకి కూడా ఇరవై కావాలని ఒక చీటీ రాసి ఇచ్చింది.

మర్నాడు మాస్టరు టేపు, ఫోను పట్టుకుని సెలూన్‌కి వెళ్లాడు. బావ కుర్చీలోని మనిషికి కథ చెబుతున్నాడు. పేగు దగ్గరికొచ్చేసరికి మాస్టరుని చూసి గొంతు ఇంకాస్త పెంచాడు. మాస్టరు ఒప్పందం ప్రకారం తల ఊపాడు. కుర్చీ ఖాళీ అయ్యాక బావని నిలబెట్టాడు.

"ఏంటిది?"

"నీకో కోటు. జేబుకి మూత, మూతకి గుండీ. వెంట్రుక దూరదు, నురగ దూరదు. తర్వాత ఏ ఫోను కొన్నా అందులో పడుకుంటుంది."

"ఈసారి ఏది కొనమంటావు?"

"ఈసారి నేను నోరెత్తను బావా."

టేపు నడుము చుట్టూ తిరిగింది. బావ ఊపిరి బిగబట్టాడు. మాస్టరు కిటికీలోంచి వీధి చూస్తూ తీరిగ్గా నిలబడ్డాడు. బావ ముఖం ఎర్రబడింది. చివరికి ఉస్సుమని వదిలాడు. బొటనవేలు బొడిపెని తడుముకుని రెండు మీటలు నొక్కింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు బావ అనుమానంగా.

మాస్టరు సొరుగు మూశాడు. టక్.

"ఫోనులో ఉందిలే బావా. మీ చెల్లెలికి కూడా చెప్పను."