నడవదన్న కారు

గడి నుంచి పిలుపు వచ్చేసరికి కమ్మరి భిక్షం నాగలి కర్రు కాలుస్తున్నాడు. తమ్ముడు మల్లయ్య పోయి నెల నిండలేదు. తోడు చెయ్యి లేక, తిత్తీ తనే ఊదుకుని సమ్మెటా తనే ఎత్తుకుంటున్నాడు.

"దొర కారుల సప్పుడొస్తున్నదట. నువ్వొచ్చి పట్టాలెనట," అన్నాడు గడి నౌకరు నారయ్య, కొలిమి బయటే నిలబడి.

"కారు పట్నం మిస్త్రీల పని. నాకేం ఎర్క?"

"లడాయి మొదలైనకాంచి మిస్త్రీలందరు ఫౌజు బండ్లకాడనే ఉన్నరట. ఇనుమే గద, భిక్షానికి తెల్వకుంట ఉంటదా అన్నడు దొర. రేపు పట్నంల పెండ్లున్నది."

ఇనుమే గదా! నెల కింద గడిలో ఎవరికీ ఈ మాట తోచలేదు.

నెల కింద, దొర కొత్తగా తవ్విస్తున్న బావిలోకి సాగగొట్టిన గడ్డపారలు అందించడానికి మల్లయ్య దిగాడు. వెట్టి పని. పైనుంచి బండ జారి తొడ మీద పడింది. నెత్తురు ఆగలేదు. భిక్షం గడికి పరుగెత్తి, వాకిట్లో నిలబడి, పట్నం దవాఖానకు కారు ఇయ్యమని చేతులు జోడించాడు. "సప్పుడొస్తున్నది రా. నడ్వదు," అన్నాడు ఇంద్రసేన దొర అరుగు దిగకుండానే. భిక్షం దండం పెట్టి వెనక్కి వచ్చి ఎడ్లను కట్టాడు. పొద్దున కదిలిన ఎడ్లబండి బాలాపూర్ పొలిమేర చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడే మల్లయ్య చెయ్యి చల్లబడింది.

ఇంటికొచ్చి మల్లయ్య భార్య యాదమ్మతో, "కారు చెడిపోయింది బిడ్డా. దొర మాత్రం ఏం జేస్తడు," అన్నాడు. ఆమె నమ్మింది. ఈ నెల రోజులూ తనూ ఆ మాట మీదే తల పెట్టుకుని పడుకుంటున్నాడు.

అందుకే వెళ్లాడు. ఆ కారు నిజంగా చెడిందో లేదో తన చెవితో తెలుసుకోవాలి.

కారు పందిరి కింద దుమ్ము కొట్టుకుని ఉంది. డ్రైవరు పరమేశ్వర్ ముందున్న కడ్డీ తిప్పితే ఇంజను లేచింది. మెత్తగా, చల్ల చిలికినట్టు తిరుగుతోంది.

"ఏదీ సప్పుడు?"

"నిలబడితే రాదన్నా. ఉరికితెనే వస్తది. లోపల ఏదో ఇరిగిందని నా అనుమానం."

"ఇప్పి సూసినవా?"

"ఇప్పినంక బిగియ్యరాకపోతే? దొర నా తోలు తీస్తడు."

అప్పుడే దొర బయటికి వచ్చాడు. "ఏం రా భిక్షం! మీ తాత కర్రులు కొట్టిండు, నువ్వు మోటర్లు సూస్తున్నవ్. మస్తు తరక్కీ అయింది పో, పెద్దోనివైనవ్!" అని నవ్వి వెనక సీట్లో కూర్చున్నాడు. "పట్నం తొవ్వకే తోలు పరమేశా. సప్పుడు దొరికిందాక ఆపకు."

ఇంజను మీది రేకుమూత ఒక పక్క ఎత్తి కట్టారు. భిక్షం ముందు చక్రం మీది రేకు మీద బోర్లా పడుకుని, జారకుండా తన తువ్వాలు దీపం కడ్డీకి చుట్టుకున్నాడు. మూరెడు ఇనుప చువ్వ తెచ్చుకున్నాడు. ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవి ముందరి ఎముకకు ఆనించాడు. బండి కమ్ముల్లో, గొడ్డళ్లలో కంటికి కనబడని పగులు కనిపెట్టడానికి వాళ్ల నాయిన నేర్పిన పద్ధతి అది.

ఊరు దాటి కారు వేగం అందుకోగానే చప్పుడు మొదలైంది. టక్... టక్... తర్వాత ఆగకుండా టకటక.

చువ్వ ముందుకు జరిపాడు. నడుమకు జరిపాడు. వెనక్కి జరిపాడు. పగిలిన ఇనుము మోత చువ్వ వెంట వచ్చి దవడను కొడుతుంది. ఇక్కడ దవడకు ఏమీ తగలడం లేదు. చెవికి మాత్రం టకటక వినిపిస్తూనే ఉంది. ఇంజను లోపల ఏదీ విరగలేదు. ఇనుము నిక్షేపంగా ఉంది.

అయినా మళ్లీ చూశాడు. తప్పు పట్టడానికి తొందరపడకూడదని, మూడుసార్లు చూశాడు.

రావిర్యాల వచ్చింది, పోయింది. ఆ రోజు ఇక్కడికి వచ్చేసరికే మల్లయ్య "దప్పికైతుందన్నా" అని పదిసార్లు అన్నాడు. ముంతలో నీళ్లతో తడిపిన గుడ్డ పెదాలకు అద్దుతూ ఎడ్లను అదిలించిన ఆ తోవంతా ఇప్పుడు చూపు నిలిచేలోపే వెనక్కి పోతోంది. బాలాపూర్ పొలిమేర కనబడింది. కొలిమిలో బూడిద కప్పి వచ్చిన నిప్పు ఇంకా ఎర్రగానే ఉండి ఉంటుంది.

"ఆపు!" అని అరిచాడు.

ఇంజనులో కాకుంటే అడుగునే అనుకుని కారు కిందికి దూరాడు. ఇంజనుకు బురద కొట్టకుండా అడుగున ఒక రేకు బిగించి ఉంది. నాలుగు మరలు విప్పి దించితే, నూనె జిడ్డులో తొమ్మిది గవ్వలు, సగం కాలిన నల్లగుడ్డ పేలిక.

దొర తొంగి చూసి పగలబడి నవ్వాడు. "గిందుకా ఇంత ఆగం! దసరాకు మా అమ్మ దిష్టి తగలొద్దని లోపల కట్టిపిచ్చింది. ఇంజను వేడికి గుడ్డ కాలి రాలినట్టున్నయ్. భేష్ రా భిక్షం! బిగించు, ఇంటికి పోదాం."

భిక్షం రేకు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "దొరా, ఆ దినం వచ్చింది గీ సప్పుడేనా?"

"ఏ దినం?"

దొర బుకాయించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. ఆ సంగతి అర్థమయ్యాక భిక్షం తలెత్తి దొర మొహంలోకి చూశాడు.

"మా మల్లిగాని తొడ పగిలిన దినం."

దొర నవ్వు ఆగింది. "అవ్, గిదే. గవ్వలని నాకేం ఎర్క? ఇంజను పోతదనుకున్న."

"పరమేశా, గీ సప్పుడుతోని బండి దవాఖానకు పోతుండెనా?"

డ్రైవరు దొర వైపు చూశాడు, రేకులో ఉన్న గవ్వల వైపు చూశాడు. "పోతుండె అన్నా. బొంబాయి దాక పోతుండె."

"నోర్ముయ్!" అని దొర డ్రైవరు మీద లేచాడు. "వాని గడియ వచ్చింది, వాడు పోయిండు. బిగించు రా!"

"బిగియ్య."

"ఏమన్నవ్?"

"వానికి గడియ రాలె దొరా. వాడు పోతే పోనీ, ఇంజను పోవద్దనుకున్నవ్. గట్లనే చెప్తె అయిపోతుండె గద. నడ్వదని ఎందుకన్నవ్?"

"వెట్టోనివి, నాకే ఎదురు మాట్లాడ్తవా! కొలిమి పీకి చెరువుల ఏయిస్త బిడ్డా!"

భిక్షం రేకును రోడ్డు మీద వదిలి, చువ్వ భుజాన వేసుకుని ఇబ్రహీంపట్నం వైపు, తమ ఊరి తోవ పట్టి నడిచాడు. వెనక తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

నడిచేకొద్దీ కోపం తగ్గలేదు. అది తన మీదికి కూడా తిరిగింది. ఆ రోజు తాను కారుకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఇనుము విరిగిందో లేదో చెవితో చెప్పగలవాడు ఊరు మొత్తానికి తానొక్కడే. ఒక్కసారి చూస్తానని అడగలేదు. దొర నడవదు అన్నాడు, తాను దండం పెట్టాడు.

యాదమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఏదీ దాచకుండా చెప్పాడు. చేట ఆగింది.

"మరి ఆ పొద్దు నువ్వెందుకు సూడలే బావా?"

"దొర నడ్వదన్నడు. నేను నమ్మిన."

"నన్ను గూడ నమ్మమన్నవ్. దొర మాత్రం ఏం జేస్తడన్నవ్."

"అన్న. తప్పైంది బిడ్డా."

ఆమె ఏడవలేదు. చేట పక్కన పెట్టింది. "నా ముంగట తప్పు ఒప్పుకుంటే ఆయన లేచొస్తడా? నెల దినాలు ఊరందరి తోటి గీ మాటే చెప్పినవ్ గద బావా. ఇప్పుడు పొయ్యి అందరికీ నిజం చెప్పు. నేనూ వస్త."

కొలిమి ముందు కర్రులు పట్టుకుని ఆరేడుగురు రైతులు ఎదురుచూస్తున్నారు. పొద్దుటి నుంచి యాడికి పోయినవని ఒకాయన కసిరాడు. యాదమ్మ వచ్చి గోడ పక్కన నిలబడింది. భిక్షం తిత్తి జోలికి పోలేదు. గొంతు తగ్గించుకోనూ లేదు.

"దొర కారు చెడలే," అని మొదలుపెట్టాడు.